ట్రంపెట్‌లో ‘స’ ఎక్కడుంది? మదనపల్లె కాగితం నుంచి కుప్పం బ్యాండ్ సెట్ దాకా

వీడియో చూసే తీరిక లేనివాళ్ళ కోసం, బస్సులో సౌండ్ పెట్టుకోలేని వాళ్ళ కోసం, ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిందంతా ఇక్కడ రాతలో పెడుతున్నా. మాట్లాడేటప్పుడు తడబడినవి కొన్ని సరిచేశాను, అంతే.

ముందు నా పరువు పోయిన కథ చెప్తా. మా పుంగనూరులో ఒక బడి. పేరు వద్దు. ఆగస్టు 15కి పిల్లలు జనగణమన పాడాలి, పక్కన ఒక ట్రంపెట్ కూడా మోగితే బాగుంటుంది అని ఐడియా ఇచ్చింది నేనే. మా ఊరి బ్యాండ్ సెట్ వాళ్ళు ఆ రోజుకి ముందే బుక్ అయిపోయారు. తెలిసినవాళ్ళ ద్వారా కుప్పం నుంచి ఒక పెద్దాయన్ని పిలిపించాం. నేను ఆయన్ని మామా అని పిలుస్తా. ఆయనకి ఐదు గీతల నోటేషన్ చదవడం వచ్చు. ఇంకేముంది, నేను నెట్‌లో దొరికిన పాట నోటేషన్ ప్రింట్ తీసి ఆయన చేతిలో పెట్టాను. పిల్లలు కీబోర్డుతో సి శ్రుతిలో ప్రాక్టీస్ చేశారు, కాగితం మీద కూడా పాట సి నుంచే మొదలవుతుంది. రెండూ ఒకటే కదా, రిహార్సల్ ఎందుకు అనుకున్నా.

జెండా ఎగిరింది. పిల్లలు ఎత్తుకున్నారు. మామ ఊదాడు. మొదటి మూడు స్వరాలకే నా కడుపులో ఏదో తిరిగింది. పిల్లలు ఒక చోట, ట్రంపెట్ ఇంకో చోట. కొంతమంది పిల్లలు ట్రంపెట్ వైపు జారిపోయారు, కొంతమంది పంతంగా తమ శ్రుతిలోనే నిలబడ్డారు. జాతీయగీతం మధ్యలో ఆపకూడదు కాబట్టి ఎవరూ ఆపలేదు. జనగణమన పూర్తిగా పాడడానికి అధికారికంగా సుమారు 52 సెకన్లు అంటారు. ఆ రోజు నాకు అది 52 నిమిషాలు.

అయిపోయాక మామ దగ్గరికి పోయి, “ఏంది మామా, ఇట్లయిపాయె?” అన్నా. ఆయన కోప్పడలేదు. కాగితం మడిచి నా జేబులో పెట్టి, “నువ్వు రాసిచ్చిందే కదబ్బయ్యా నేను ఊదింది. ఇది పాడేవాళ్ళ కాగితం. బాకాకి వేరే కాగితం ఉంటాది. తెలీకపోతే అడగాల” అన్నాడు.

ఈ ఎపిసోడ్ అంతా ఆ ఒక్క మాట గురించే. పాడేవాళ్ళ కాగితం వేరు, బాకా కాగితం వేరు. ఎందుకు వేరు?

దీనికి మన పక్కనే, మదనపల్లెలోనే, ఒక మంచి మొదలు ఉంది. బిసెంట్ థియోసాఫికల్ కాలేజీ, మనమంతా బి.టి. కాలేజీ అంటామే, అది 1915లో అనీబిసెంట్ పెట్టింది. 1919లో దానికి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఐర్లాండ్ కవి. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతంలో డిగ్రీ చేసిన మనిషి. ఆ ఏడాది దక్షిణదేశం తిరుగుతూ రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెకి వచ్చి కొన్నాళ్ళు ఉన్నాడు. కాలేజీలో పిల్లలు, మేష్టర్లు కూర్చుని పాటలు పాడుకునే సాయంత్రం ఒకటి ఉండేది. అక్కడ ఠాగూర్ తన పాట ఒకటి పాడి వినిపించాడు. అదే జనగణమన. పిల్లలు పల్లవి పట్టుకున్నారు. మార్గరెట్ ఆ వరసని విని యూరోపియన్ పద్ధతిలో, ఐదు గీతల మీద రాసింది. ఫిబ్రవరి 28న ఠాగూర్ అక్కడే ఆ పాటకి ఇంగ్లీషు అనువాదం రాసిచ్చాడు, ‘మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టి.

ఇక్కడ ఒక మాట. మన వాట్సాప్ గ్రూపుల్లో ‘జాతీయగీతానికి ట్యూన్ కట్టింది మదనపల్లెలోనే’ అని ప్రతి ఆగస్టుకీ ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. నాకూ అట్లా చెప్పుకోవడం ఇష్టమే, పక్క ఊరు కదా. కానీ పాట 1911 డిసెంబర్ 27నే కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు. వరస లేకుండా ఎట్లా పాడతారు? అంటే ట్యూన్ ముందే ఉంది. మదనపల్లెలో జరిగింది దాన్ని రాయడం. రాయడం చిన్న పనేం కాదు. గొంతులో ఉన్న పాట రాసిన వాళ్ళతోనే ఉంటుంది. కాగితం మీదికొస్తే భాష రాని మనిషి కూడా, హాంబర్గ్‌లో కూర్చుని, వాయించగలడు. బెంగాల్లో అప్పటికే జ్యోతిరింద్రనాథ్ ఠాగూర్ తయారుచేసిన ఆకారమాత్రిక స్వరలిపి ఉంది, బెంగాలీ అక్షరాలతో. అది బెంగాలీ చదవడం వచ్చినవాళ్ళకే. ఐదు గీతల కాగితం ఏ దేశం బ్యాండ్‌కైనా చేరుతుంది.

సరే, మార్గరెట్ కాలంలో పాట కాగితం ఎట్లా ఉండేదో చూద్దాం. మీరు ఫోన్‌లో ఏదైనా పాత పాటల పుస్తకం స్కాన్ చూస్తే ఒకటి గమనిస్తారు. పియానోకి రాసినప్పుడు చిన్న చిన్న స్వరాల్ని రెండు, నాలుగు కలిపి పైన ఒక అడ్డకర్రతో కట్టేస్తారు. తాళం లెక్క కంటికి తెలియడానికి. పాటలో మాత్రం అట్లా కట్టరు. ఒక్కో అక్షరానికి ఒక్కో స్వరం విడిగా, తోక జెండాలాగా వేలాడుతూ ఉంటుంది. ఒకే అక్షరాన్ని రెండు మూడు స్వరాల మీద లాగితేనే వాటిని కలిపి కడతారు. అంటే కాగితం చూడగానే అక్షరం ఎక్కడ మారుతోంది, ఎక్కడ లాగాలి అనేది పాడేవాడికి తెలిసిపోతుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా ఇదే మామూలు పద్ధతి. ఇప్పుడు చాలామంది పాటకి కూడా తాళం లెక్కనే కట్టేస్తున్నారు. నాకైతే పాత పద్ధతే నచ్చుతుంది. అక్షరాన్ని గౌరవించినట్టు ఉంటుంది.

ఇంకా వెనక్కి పోతే పాడేవాళ్ళకి ఇంకో సౌకర్యం ఉండేది. ఐదు గీతల మొదట్లో ఒక మెలికల గుర్తు ఉంటుంది కదా, క్లెఫ్ అంటారు. ఏ గీత ఏ స్వరమో అది చెబుతుంది. పాతకాలం కోరస్ పుస్తకాల్లో ఒక్కో గొంతుకి ఒక్కో క్లెఫ్. సన్న గొంతుకి సోప్రానో క్లెఫ్, కాస్త దిగువకి ఆల్టో, మగవాళ్ళ పై గొంతుకి టెనర్, బరువు గొంతుకి బాస్. మొదటి మూడూ నిజానికి ఒకటే గుర్తు, ‘ఇదిగో నడిమి సి ఈ గీత మీద ఉంది’ అని చూపించేది. దాన్ని పైకీ కిందికీ జరిపేవాళ్ళు. ఎందుకంటే ఆ గొంతు పలికే స్వరాలన్నీ ఐదు గీతల లోపలే సర్దుకోవాలి. గీతలు దాటితే అదనంగా చిన్న గీతలు గీయాలి. తర్వాత తర్వాత ఇన్ని క్లెఫ్‌లు నేర్చుకోవడం కష్టమని రెండింటికి తగ్గించారు. ఇప్పుడు టెనర్ పాడేవాళ్ళకి మామూలు ట్రెబుల్ క్లెఫ్ వేసి కింద చిన్న 8 అంకె పెడతారు. ‘రాసిన దానికన్నా ఒక స్థాయి కింద పాడు నాయనా’ అని అర్థం.

ఒకటి గుర్తుపెట్టుకోండి. క్లెఫ్ ఏదైనా పాటగాడి కాగితం నిజం చెబుతుంది. సి అని రాస్తే సి పలకాలి, మహా అయితే స్థాయి తేడా. బాకా కాగితం అట్లా కాదు.

మీరు జాతరలో కొమ్ము ఊదడం చూసే ఉంటారు. మా పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకైనా, కుప్పం తిరుపతి గంగమ్మ జాతరకైనా కొమ్ము లేకుండా ఊపు రాదు. దానికి రంధ్రాల్లేవు, మీటల్లేవు. పెదాల బిగువు మార్చి ఊదితే కొన్ని స్వరాలే పలుకుతాయి. అన్నీ రావు. ఒక గొట్టానికి ప్రకృతి ఇచ్చిన స్వరాలు అవి. యూరప్‌లో రెండు వందల ఏళ్ళ కిందటి దాకా ట్రంపెట్లు, హార్న్‌లు కూడా ఇంతే. ఉత్త గొట్టాలు. మరి పాట డి శ్రుతిలో ఉంటే? గొట్టానికి అదనంగా ఒక వంపు ముక్క తగిలించేవాళ్ళు. దాన్ని క్రూక్ అంటారు. ముక్క మారిస్తే గొట్టం పొడవు మారుతుంది, శ్రుతి మారుతుంది.

అసలు విషయం ఇక్కడుంది. ముక్క మార్చిన ప్రతిసారీ కాగితం మీద స్వరాలు మార్చి రాస్తే ఊదేవాడికి పిచ్చెక్కుతుంది. వాడి పెదాలకి తెలిసింది గొట్టం మొదటి స్వరం, దాని మీది పంచమం, ఆ పైది. అందుకని ఎప్పుడూ సి లోనే రాసేవాళ్ళు. పైన మాత్రం ‘హార్న్, డి లో’ అనో ‘ట్రంపెట్, ఇ ఫ్లాట్ లో’ అనో ఒక మాట. ఊదేవాడు ఆ ముక్క తగిలించుకుని, కాగితం మీద సి చూసి సి లాగే ఊదుతాడు. గాల్లో డి వస్తుంది. కాగితం మొదట్లో శ్రుతి గుర్తులు, అంటే షార్ప్‌లు ఫ్లాట్‌లు, అసలు పెట్టరు. అవసరమే లేదు.

ఇది విని మీకేమన్నా గుర్తొచ్చిందా? నాకైతే ఒళ్ళు ఝల్లుమంది. ఇది మన ‘స’ కదా! మన సంగీతంలో స ఎక్కడైనా ఉండొచ్చు. ఒకటిన్నర శ్రుతిలో పాడినా, ఐదులో పాడినా స అంటే స. కాగితం మీద స రి గ మ మారదు. శ్రుతిపెట్టె మారుతుంది. వాళ్ళ క్రూక్, మన శ్రుతిపెట్టె, రెండూ ఒకే పని చేస్తున్నాయి.

1818లో ప్రష్యాలో ష్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు మీటలకి పేటెంట్ తీసుకున్నారు. మీట నొక్కితే గాలి అదనపు గొట్టంలోకి తిరుగుతుంది. ఇక ముక్కలు మార్చే బాధ లేదు, అన్ని స్వరాలూ ఒకే బాకాలో దొరుకుతాయి. అప్పుడైనా కాగితం నిజం చెప్పడం మొదలుపెట్టాలి కదా? పెట్టలేదు. అలవాటు అట్లాంటిది. హార్న్‌కి శ్రుతి గుర్తులు లేకుండా రాయడం తర్వాత కూడా చాలాకాలం నడిచింది. ఇంకో వింత కూడా ఉంది. ఎఫ్ హార్న్‌కి ట్రెబుల్ క్లెఫ్‌లో రాస్తే పలికే దానికన్నా ఐదో స్వరం పైన రాస్తారు. అదే పాతవాళ్ళు బాస్ క్లెఫ్‌లో రాస్తే నాలుగో స్వరం కింద రాసేవాళ్ళు. అదే బాకా, అదే మనిషి, క్లెఫ్ మారగానే లెక్క తిరగబడుతుంది. ఇప్పటికీ పాత కాగితం చేతికొస్తే హార్న్ వాయించేవాళ్ళు ‘ఇది పాత లెక్కా, కొత్త లెక్కా’ అని ముందు చూసుకుంటారు.

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్ గనుల ఊళ్ళలో, మిల్లుల్లో కార్మికుల బ్రాస్ బ్యాండ్లు పుట్టాయి. వాళ్ళు ఈ అలవాటుని తెలివిగా వాడుకున్నారు. చిన్న కార్నెట్ నుంచి ఒళ్ళో పట్టనంత పెద్ద బాస్ దాకా, ఒక్క బాస్ ట్రాంబోన్ తప్ప, అన్నిటికీ ట్రెబుల్ క్లెఫ్‌లోనే రాశారు. కాగితం మీద సి అంటే ఏ మీటా నొక్కకు అని అర్థం. ఏ బాకా పట్టుకున్నా అంతే. కార్నెట్ నేర్చుకున్న కుర్రాడు రేపు యుఫోనియం మనిషి రాకపోతే దాన్ని పట్టుకుని అదే వేళ్ళతో వాయించేస్తాడు. చుక్క స్వరాన్ని చెప్పడం మానేసి వేలిని చెప్పడం మొదలుపెట్టింది, అంతే తేడా.

ఇప్పుడు నా ఆగస్టు 15కి వద్దాం. మామ చేతిలో ఉన్నది బి ఫ్లాట్ ట్రంపెట్. బ్యాండ్ సెట్‌లలో దాదాపు అందరి దగ్గరా ఉండేది అదే. దాని మీద కాగితం చూసి సి వాయిస్తే గాల్లో వచ్చేది బి ఫ్లాట్. పిల్లల స సి దగ్గర ఉంది, మామ స దానికి ఒక పూర్తి స్వరం కింద, పిల్లల కైశికి నిషాదం దగ్గర ఉంది. ఇద్దరూ తప్పు పాడలేదు. ఇద్దరి స లు వేరు.

ఫోన్‌లో మీరే చూసుకోవచ్చు. ట్యూనర్ యాప్ ఒకటి ఓపెన్ చేయండి, ట్రంపెట్ అన్నని ‘మీ సి ఊదండి’ అనండి. స్క్రీన్ మీద బి ఫ్లాట్ అనో, కొన్ని యాప్‌లలో ఎ షార్ప్ అనో వస్తుంది. రెండూ ఒకటే స్వరం. యాప్ పాడైపోలేదు.

లెక్క సులువు. పాట సి లో రావాలంటే బి ఫ్లాట్ ట్రంపెట్‌కి డి లో రాయాలి. ఇ ఫ్లాట్ హార్న్‌కైతే ఎ లో. ఎఫ్ హార్న్‌కైతే జి లో. నేను ఈ ఒక్క లైన్ తెలుసుకుని ఉంటే ఆ రోజు నలభై మంది పిల్లలు తల దించుకుని క్లాసులకి పోయేవాళ్ళు కాదు.

జనగణమన కూడా పెద్ద స్థాయిలో ఇదే దారిలో నడిచింది. 1942లో సుభాష్ చంద్రబోస్ జర్మనీలో ఉన్నప్పుడు హాంబర్గ్‌లో ఒక ఆర్కెస్ట్రా దాన్ని వాయించింది. 1947లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సభలప్పుడు మన ప్రతినిధుల్ని ‘మీ జాతీయగీతం ఇవ్వండి, వాయిస్తాం’ అని అడిగారు. వీళ్ళ దగ్గర ఉన్నది ఒక గ్రామఫోన్ రికార్డు. అదే ఇచ్చారు, ఆర్కెస్ట్రా వాళ్ళు విని నేర్చుకుని వాయించారు. ఈ సంగతి 1948లో రాజ్యాంగ సభలో నెహ్రూనే చెప్పాడు. జాతీయగీతం ఎంపికలో బ్యాండ్‌తో, ఆర్కెస్ట్రాతో వాయించడానికి కుదరడం అనేది ఆయన గట్టిగా పట్టుకున్న వాదన. తర్వాత హెర్బర్ట్ మరిల్ అనే ఇంగ్లీషు సంగీతకారుడు దీన్ని ఆర్కెస్ట్రాకి రాశాడు. 1950 జనవరి 24న గీతం ఖాయమైంది. మదనపల్లెలో ఒక గొంతుకి ఒక్క వరుసలో రాసిన పాట, ఆర్కెస్ట్రా కాగితం దగ్గరికొచ్చేసరికి ఎన్ని రకాల బాకాలుంటే అన్ని వరసలైంది. ఒక్కోదాని స ఒక్కో చోట.

ఆ గొడవ జరిగిన నెలకి పలమనేరు, వి.కోట మీదుగా బస్సులో కుప్పం పోయాను, మామని చూడటానికి. క్షమాపణ చెప్పాలనే పోయా, కానీ ఆయన నాకు టీ ఇచ్చి ఒక పాత నోటుబుక్ చూపించాడు. అట్ట ఊడిపోయి దారంతో కట్టి ఉంది. లోపల పెళ్ళి పాటలు, భక్తి పాటలు, సినిమా పాటలు. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి కదా, తెలుగు, తమిళం, కన్నడం పాటలన్నీ ఉన్నాయి. నోటేషన్ మాత్రం అంతా తెలుగు అక్షరాల్లో స రి గ మ. ఒక కామా అంటే ఒక మాత్ర ఆగు, పైన చుక్క అంటే తారస్థాయి, కింద చుక్క అంటే మంద్రం. ప్రతి పేజీ పైన ఎర్ర సిరాతో ఒక లైన్: ‘కీబోర్డు సి, ట్రంపెట్ డి’ అని, ఇంకో పేజీలో ‘కీబోర్డు ఎఫ్, ట్రంపెట్ జి’ అని. చూశారా, యూరప్‌లో పాతవాళ్ళు కాగితం పైన ‘హార్న్, డి లో’ అని రాసినట్టే. ఆయనకి ఆ చరిత్ర ఎవరూ చెప్పలేదు. పని చేస్తూ చేస్తూ అక్కడికే చేరాడు.

తెలుగు లిపిలో నోటేషన్ అంటే చిన్నచూపు చూడొద్దు. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనల్ని సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అని 1904లో ఎట్టయపురంలో అచ్చు వేయించింది తెలుగు లిపిలోనే. ఎట్టయపురం ఉండేది తమిళనాడు దక్షిణాన. గమకాలకి కూడా గుర్తులు పెట్టి మరీ వేశాడు. ఆ ముత్తుస్వామి దీక్షితులే ఇంగ్లీషు బ్యాండ్ ట్యూన్లు విని వాటికి సంస్కృతం మాటలు కట్టాడు, నొట్టుస్వరాలు అంటారు. ‘నోట్’ అనే మాటే ‘నొట్టు’ అయింది. బాకా పాట గొంతులోకి, గొంతు పాట బాకాలోకి పోవడం మన దక్షిణాదిలో రెండు వందల ఏళ్ళ సంగతి.

“ఈ బుక్కు నా తర్వాత ఎవరు చదవతారబ్బయ్యా?” అన్నాడు మామ. ఆయన సెట్‌లో ఉండే కుర్రాళ్ళు ఫోన్‌లో పాట పెట్టుకుని విని పట్టేస్తారు. బాగానే పట్టేస్తారు, చెవి గట్టిది. కానీ యాప్‌లో పిచ్ మార్చి విని నేర్చుకున్నవాడికి పెళ్ళిలో పాడే అమ్మాయి శ్రుతి మార్చమంటే చేతులాడవు. ఎర్ర సిరా లైన్ ఉన్నవాడు ఒక్క నిమిషంలో మార్చేస్తాడు. నేను అన్ని పేజీలూ ఫోటోలు తీసుకున్నా, ఆయన ఒప్పుకున్నాకే. నూట పన్నెండు పేజీలు.

జనవరి 26కి అదే బడి. హెడ్మాస్టర్ గారిని ఒప్పించడానికే పది రోజులు పట్టింది, ఈ ఎపిసోడ్ లేటవడానికి కారణం అదే. ఈసారి మామకి డి లో రాసిచ్చా. ముందురోజు సాయంత్రమే రిహార్సల్ పెట్టాం. పాట మంద్ర నిషాదం నుంచి తారషడ్జం దాకా పోతుంది, పిల్లలు పైన అరవకుండా చూసుకున్నాం. పొద్దున జెండా దగ్గర మొదటి స రి గ కే ట్రంపెట్, పిల్లల గొంతులు ఒకదానిలో ఒకటి కూర్చున్నాయి. వెనక వరసలో ఒక టీచరమ్మ తలెత్తి నావైపు చూసింది.

అయిపోయాక మామ ట్రంపెట్ తుడుచుకుంటూ నన్ను పక్కకి పిలిచాడు. పాట మధ్యలో ఒక చోట ప్రతిమధ్యమం తగులుతుంది. సి లో అయితే ఎఫ్ షార్ప్, డి లో రాస్తే జి షార్ప్. నేను ఆ ఒక్క షార్ప్ గుర్తు పెట్టడం మర్చిపోయా. “నువ్వు మళ్ళా తప్పు రాసినావు. నాకు తెలుసు కాబట్టి సరిగ్గా ఊదినా” అని నవ్వాడు.

మీ ఊరి బ్యాండ్ సెట్ వాళ్ళ దగ్గర ఇట్లాంటి నోటుబుక్ ఉంటే, వాళ్ళని అడిగి, పేజీ పైన ఉండే ఆ ఒక్క లైన్ కనపడేట్టు ఫోటో తీయండి. వచ్చే ఎపిసోడ్‌లో మామ నోటుబుక్‌లోంచి ఒక పాట తీసుకుని పేజీ పేజీగా చదువుదాం.